చెరువు హద్దును పాత పటం చెప్పగలదా?

హైదరాబాద్‌లో చెరువు హద్దు మీద వివాదం రేగిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాత పటం బయటికి తీస్తారు. చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలను తొలగించే హైడ్రా 2024 జులైలో ఏర్పాటైనప్పటి నుంచి ఇది ఇంకా ఎక్కువైంది. ఒకరి చేతిలో కొండలు, వాగులు, చెరువులు, రోడ్లు చూపే సర్వే ఆఫ్ ఇండియా పటం, అంటే టోపోషీట్, ఉంటుంది. ఇంకొకరి దగ్గర ఉపగ్రహ చిత్రం ఉంటుంది. మూడో మనిషి తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకున్న గ్రామ నక్ష పరుస్తాడు. చెరువు మూడింటిలోనూ ఉంటుంది గానీ దాని ఆకారం, విస్తీర్ణం ఒకేలా ఉండవు. దాంతో ఒకటే నిజం, మిగతా రెండూ అబద్ధం అన్నట్టు వాదన సాగుతుంది. మూడూ సరైనవే కావచ్చన్న ఆలోచన అరుదుగా వస్తుంది. ఒక్కో పటం ఒక్కో అవసరం కోసం తయారైంది. ఏ పని కోసం గీశారో ఆ పనికే అది నమ్మకంగా నిలబడుతుంది. పాత పటాలతో పరిశోధన చేసేవారు మొదట తేల్చుకోవలసింది ఇదే.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం గీత (చెరువు నిండితే నీరు చేరే అంచు) నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్ల వరకు ఏమీ కట్టకూడదు. మామూలు టోపోషీట్ స్కేలు 1:50,000. అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. ఆ 30 మీటర్ల బఫర్ పటం మీద 0.6 మిల్లీమీటర్లు మాత్రమే. 9 మీటర్ల బఫర్ 0.18 మిల్లీమీటర్లు. అచ్చులో గీసిన సన్నని గీత మందమే దాదాపు అంత ఉంటుంది. ఇంకా పాతవైన, మైలుకు ఒక అంగుళం లెక్కన గీసిన పటాల స్కేలు 1:63,360. వాటిలో అర మిల్లీమీటరు తేడా వస్తే నేల మీద 32 మీటర్లు జరిగినట్టే. ఫలానా ఇంటి ప్రహరీ బఫర్ లోపల ఉందా, బయట ఉందా అన్నది ఇలాంటి పటం చెప్పలేదు. దాన్ని తయారుచేసిన వారు ఆ పని కోసం తయారుచేయలేదు.

అలాగని టోపోషీట్ పనికిరానిది కాదు. ఇంకే పటమూ చెప్పలేని సంగతులు అది చెబుతుంది. ఫలానా చోట చెరువు ఉండేదా, కట్ట ఏ వైపు ఉండేది, అలుగు దాటిన నీరు ఏ వాగులో కలిసేది, కింద ఇంకో చెరువు ఉందా అన్నవి తెలుసుకోవడానికి దాన్ని మించినది లేదు. హైదరాబాద్ చుట్టూ గొలుసుకట్టు చెరువుల వరస ఒక్క చూపులో అర్థమయ్యేది అక్కడే. నాలా మీద ఇళ్లు వచ్చేసి, కింది చెరువుకు నీరు చేరక, పై కాలనీలు మునుగుతున్నచోట ఆ వరసను తిరిగి గుర్తుపట్టాలంటే పాత టోపోషీట్ దగ్గరే మొదలుపెట్టాలి.

ఏ షీటు కావాలో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దేశాన్ని నాలుగు డిగ్రీల చదరాలుగా విడగొట్టి అంకెలు వేశారు. ఒక్కో చదరాన్ని ఎ నుంచి పి వరకు పదహారు భాగాలు చేశారు, ఒక్కో భాగాన్ని మళ్లీ 1 నుంచి 16 వరకు విడగొట్టారు. చార్మినార్, హుస్సేన్‌సాగర్ 56కె/7లో వస్తాయి. ఉప్పల్ 56కె/11లోకి వెళ్తుంది. రెండు షీట్ల మధ్య అంచు 78 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం. అంటే నగరం రెండు కాగితాలుగా చీలిపోయింది. అంచున ఉన్న చెరువును చూడాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. పెట్టుకునేటప్పుడు సర్వే సంవత్సరాలు కూడా చూడాలి. పక్కపక్క షీట్లు ఒకే ఏడాది కొలిచినవి కాకపోవచ్చు. 2005 నాటి జాతీయ పటాల విధానం తర్వాత సాధారణ వాడుకకు వచ్చిన కొత్త వరస షీట్లకు అంకెల పద్ధతి కూడా మారింది, అందుకే ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పాత, కొత్త అంకెలు రెండూ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇక పటం అంచు. చాలామంది చూసేది మధ్య భాగాన్ని మాత్రమే. పరిశోధకుడికి అసలు సమాచారం అంచుల్లో ఉంటుంది. సర్వే చేసిన సంవత్సరం ఒకటి, అచ్చయిన సంవత్సరం ఇంకొకటి. రెండింటికీ మధ్య కొన్నేళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు ఉంటాయి. రోడ్లు, రైలు మార్గాలు మాత్రం సవరించి, మిగతాదంతా పాత సర్వే నుంచే ఎత్తి వేసిన ముద్రణలు కూడా ఉంటాయి. ముద్రణ సంవత్సరం చూసి ఆ ఏడాది చెరువు ఇలా ఉంది అని రాసేస్తే అక్కడే వ్యాసం తప్పుదారి పడుతుంది. 1950ల్లో అమెరికా సైన్యపు పటాల విభాగం భారతదేశానికి 1:2,50,000 స్కేలులో పటాలు తయారుచేసింది. అవి టెక్సస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి కింది అంచున ఒక చిన్న బొమ్మ ఉంటుంది. షీటులో ఏ భాగానికి ఏ మూలం ఆధారమో, అది ఎంత నమ్మదగిందో అందులో చూపిస్తారు. ఇంత నిజాయితీగా తన బలహీనత చెప్పే పటాలు తక్కువ. ఆ బొమ్మ చదవకుండా ఆ పటాన్ని వాడకూడదు.

సంవత్సరం తెలిస్తే చాలదు, కాలం కూడా తెలియాలి. సర్వే బృందాలు నేల మీద పనిచేసేది వానలు వెళ్లాక, పొడి నెలల్లో. వానాకాలంలో కార్యాలయంలో కూర్చుని పటాలు గీస్తారు. కాబట్టి పటంలో కనిపించే నీటి అంచు ఆ నెలల్లో నీరు నిలిచిన చోటు మాత్రమే. కరువు సంవత్సరంలో కొలిస్తే చెరువు చిన్నదిగా, మంచి వానలు పడ్డ ఏడాది కొలిస్తే పెద్దదిగా వస్తుంది. సర్వే జరిగిన ఏడాది వర్షపాతం ఎంతో పక్కన రాసుకోకుండా పాత కొత్త విస్తీర్ణాలను పోల్చడంలో అర్థం లేదు. పూర్తి నీటిమట్టం అన్నది ఇంజనీరింగ్ కొలత. అలుగు పైఅంచు ఎత్తులో నీరు నిండితే అది ఎంతదాకా పరుచుకుంటుందన్నదే దాని లెక్క. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లని నీటిపారుదల ఇంజనీర్లు దశాంశాలతో సహా చెబుతారు. టోపోషీట్‌లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడాయే పది, ఇరవై మీటర్లు. ఈ రెండింటినీ ఒకే త్రాసులో వేయలేం.

పెద్ద స్కేలు పటాలు కావాలంటే హైదరాబాద్‌కు ఒక అపురూపమైన సంపద ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనిలో భాగంగా 1912-15 మధ్య లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో మునిసిపల్ సర్వే జరిగింది. మన్ పటాలుగా పేరుపడ్డ ఆ షీట్లలో ఒక్కో ఇల్లు, గోడ, బావి, తోట, సందు విడివిడిగా కనిపిస్తాయి. పాతబస్తీ గల్లీల మీద, బావుల మీద, మూసీ ఒడ్డున మాయమైన మొహల్లాల మీద పనిచేసేవారికి ఇంతకన్నా విలువైన ఆధారం ఉండదు. కానీ ఇక్కడా అదే జాగ్రత్త. ఆ సర్వే నగరం కోసం జరిగింది. అప్పటి నగర పరిధికి బయట ఉన్న కుంట అందులో కనిపించలేదంటే ఆ కుంట లేదని కాదు, దాన్ని కొలవడం ఆ సర్వే పని కాదని. నల్లకుంట, మాసబ్ ట్యాంక్ వంటి పేట పేర్లు ఇలాంటి చోట ఏ పటంలో ఎక్కడ వెతకాలో దారి చూపుతాయి. నీరు పోయినా పేరు మిగిలింది కదా.

పటాలు ఎక్కడ దొరుకుతాయన్నది తెలుగువారికి చరిత్రే నిర్ణయించిన విషయం. నిజాం రాజ్యపు రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఉర్దూలో, అంతకు ముందువి ఫారసీలో. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి వాటి పాత కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ తలుపు తట్టాలి. కేంద్ర ప్రభుత్వ రికార్డుల కోసం ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఉంది, దాని అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే సూచికలు వెతకవచ్చు. ఈస్టిండియా కంపెనీ కాలపు చేతిరాత పటాల్లో ఎన్నో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఇంపీరియల్ గెజిటీర్ పటాలు, దక్షిణాసియా చారిత్రక అట్లాసు ఉచితంగా చూడవచ్చు. స్టాన్‌ఫర్డ్‌లోని డేవిడ్ రమ్సీ సేకరణ, అనేక గ్రంథాలయాల పటాలను ఒకేచోట వెతికిపెట్టే ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ కూడా తప్పక చూడవలసినవి. సర్వే ఆఫ్ ఇండియా తన 250వ ఏట, 2017లో, సాధారణ వాడుక షీట్లను ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. ఒకప్పుడు సరిహద్దులకు, సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న ప్రాంతాల పెద్ద స్కేలు పటాలు సామాన్య పరిశోధకుడికి అందేవే కావు. కోస్తా జిల్లాల మీద పనిచేసినవారికి ఆ కష్టం బాగా తెలుసు.

వెతికేటప్పుడు ఊరి పేరు ఇప్పటి రూపంలో కొడితే ఫలితం రాదు. కాకినాడ కొకనాడగా, ఏలూరు ఎల్లోర్‌గా, విజయవాడ బెజవాడగా, మచిలీపట్నం మసూలిపటంగా సూచికల్లో నమోదై ఉంటాయి. ఒక్కో సర్వేయరు ఒక్కోలా రాశాడు కాబట్టి ఊరి పేరు వదిలేసి జిల్లా పేరుతోనో, నది పేరుతోనో, అక్షాంశ రేఖాంశాలతోనో వెతకడం మేలు. పాత జిల్లా మాన్యువళ్లలో, సెటిల్‌మెంట్ నివేదికల్లో చివర మడతపెట్టి అతికించిన పటాలు ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఉన్న స్కాన్లలో ఆ మడత విప్పకుండానే ఫొటో తీసినవి కోకొల్లలు. పటంలో పావు భాగం, దాని మీద ఎదుటి పేజీ నీడ, అంతే కనిపిస్తుంది. అలాంటప్పుడు అదే పుస్తకం వేరే గ్రంథాలయం స్కాన్ చేసిందేమో చూడాలి. లేదంటే కాగితం పుస్తకం ఉన్నచోటికి వెళ్లక తప్పదు.

పటం దొరికాక దాన్ని నేటి నేల మీద పరచడం అసలైన పని. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సింగ్ అనే పద్ధతితో ఇది చేయవచ్చు. పాత పటంలోని ఒక బిందువును నేటి పటంలో అదే బిందువుకు జత చేస్తూ పోవాలి. సాంకేతికంగా మూడు బిందువులు చాలు, కానీ మూడే పెడితే పొరపాటు ఎక్కడుందో బయటపడే వీలుండదు. పది పన్నెండు పెట్టి, షీటు నాలుగు మూలలకూ విస్తరించేలా చూసుకుంటే ఏ బిందువు తప్పో సాఫ్ట్‌వేరే పట్టిస్తుంది. ఎంచుకునే బిందువులు కదలనివై ఉండాలి. చార్మినార్, మక్కా మసీదు, 1578 నాటి పురానా పూల్, గోల్కొండ బాలా హిస్సార్, మౌలాలి గుట్ట ఇందుకు బాగుంటాయి. మీరాలం చెరువు కట్ట ఇంకా బాగుంటుంది. 1800ల తొలి దశకంలో కట్టిన ఆ కట్ట 21 అర్ధచంద్రాకారపు వంపులుగా ఉంటుంది, పెద్ద స్కేలు పటంలో ఏ వంపు ఎక్కడ మొదలైందో గుర్తించవచ్చు. నది ఒడ్డును, చెరువు నీటి అంచును మాత్రం జత బిందువుగా ఎప్పుడూ తీసుకోకూడదు. ఏది మారిందో కొలవాలనుకుంటున్నామో దాన్నే మారలేదని ముందుగా ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. పాత భారతీయ పటాలు 1830 నాటి ఎవరెస్ట్ గోళాభాసం, అంటే భూమి ఆకారానికి వేసిన ఒక లెక్క, ఆధారంగా గీసినవి. నేటి ఫోన్లు, ఉపగ్రహాలు వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకే అక్షాంశ రేఖాంశాలను రెండింటిలో పెడితే హైదరాబాద్ దగ్గర వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. అంతకన్నా పాత పటాల్లో మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశం లెక్కే కొంచెం తప్పు. వాటి రేఖాంశాల నుంచి సుమారు 2 నిమిషాల 27 సెకన్లు తీసివేయాలి. మన అక్షాంశాల దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు పైమాటే. అంచున ఉన్న అంకెలను నమ్మి పటాన్ని యథాతథంగా పరిచేస్తే చెరువు పక్క ఊరికి వెళ్లిపోతుంది. అది సర్వేయరు అలసత్వం కాదు, ఆనాటి ఖగోళ కొలతల హద్దు.

పాత పటాలకూ నేటికీ మధ్య ఖాళీని చిత్రాలు పూరిస్తాయి. అమెరికా 1960 నుంచి 1972 వరకు తీసిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలను 1995లో బహిరంగపరిచింది. నలుపు తెలుపులో, మంచి వాటిలో రెండు మూడు మీటర్ల వస్తువు కూడా కనిపించేంత స్పష్టంగా ఉంటాయి. నగరం చెరువుల మీదికి పాకక ముందు శివారు ఎలా ఉండేదో ఇంతకన్నా బాగా చూపేది లేదు. ల్యాండ్‌శాట్ 1972లో మొదలైంది. 1980ల నుంచి దాని చిత్రాల్లో ఒక చుక్క (పిక్సెల్) 30 మీటర్ల చదరం. ఎకరం నేల నాలుగున్నర చుక్కలు. ఒకటి రెండెకరాల కుంట అక్కడ ఉందో లేదో చెప్పడానికే అది చాలదు.

థీమాటిక్ మ్యాపులు, అంటే ఒకే విషయాన్ని తీసుకుని చూపే పటాలు, ఇంకొక రకం జాగ్రత్త కోరతాయి. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2004-05 నుంచి ఏటా నేల వినియోగ పటాలు తయారుచేస్తోంది. భువన్ పోర్టల్‌లో అవి చూడవచ్చు. ఈ వార్షిక పటాలకు వాడే చిత్రంలో చుక్క 56 మీటర్లు. రెండెకరాల కుంట అందులో రెండున్నర చుక్కలు. అంతకన్నా ముఖ్యమైనది వర్గీకరణ. తెలంగాణలో నీరు తగ్గిన చెరువు గర్భంలో, అంటే శిఖం భూముల్లో, పంట వేయడం పాత అలవాటు. ఆ నెల చిత్రం ఆధారమైతే చెరువు గర్భం పంట భూమిగా నమోదవుతుంది. అది చూపి ఇక్కడ చెరువే లేదు, అప్పుడూ పొలమే అని వాదించడం ఆ పటానికి అన్యాయం చేయడమే. పటం చెప్పింది ఆ నెలలో నేల మీద ఏముందో. ఈ విషయంలో యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం 1984 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలన్నీ కలిపి చేసిన నీటి పటం మెరుగైనది. ఒక్కో చోట ఎన్నిసార్లు నీరు కనిపించిందో అది శాతంలో చెబుతుంది. ఒక్క రోజు సాక్ష్యం మీద ఆధారపడదు.

జనగణన పటాల్లో చిక్కు హద్దుల దగ్గర వస్తుంది. 1961లో ఆంధ్రప్రదేశ్‌కు 20 జిల్లాలు, 2011 నాటికి 23. మధ్యలో 1970లో ప్రకాశం, 1978లో రంగారెడ్డి, 1979లో విజయనగరం వచ్చాయి. 1961 పటంలో హైదరాబాద్ జిల్లా అంటే మేడ్చల్, ఇబ్రహీంపట్నం, చేవెళ్ల పల్లెలు కూడా కలిసినది. 2011 పటంలో అది మొత్తం నగరమే. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి హైదరాబాద్‌లో అక్షరాస్యత ఇంత పెరిగిందని రాస్తే, ఆ పెరుగుదలలో కొంత చదువు వల్ల, కొంత గీత జరగడం వల్ల. 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను తిరగగీశాక ఈ ఇబ్బంది ఇంకా పెరిగింది. మండలం స్థాయికో, గ్రామం స్థాయికో దిగి, పాత హద్దుల్లోకి కొత్త అంకెలను కూడి చూడడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. రంగుల మెట్లు కూడా చూడాలి. ఒకే అంకెలను నాలుగు మెట్లుగా విడగొడితే ఒక రకంగా, ఆరుగా విడగొడితే ఇంకో రకంగా కనిపిస్తాయి.

చెరువు హద్దు దగ్గరికే తిరిగి వస్తే, చట్టపరమైన హద్దు అసలు ఉండేది రెవెన్యూ రికార్డులో. తెలంగాణలో గ్రామ నక్ష, ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రమైన టిప్పన్, సర్వే నంబర్ల విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉండే సేత్వార్, భూమి ఎవరి స్వాధీనంలో ఉందో రాసిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఆంధ్ర ప్రాంతంలో గ్రామ పటం, సర్వే నంబరు కొలతలు నమోదైన ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), సాగు వివరాలు రాసే అడంగల్. వీటిలో కొలతలు గొలుసు పట్టి, రాయి పాతి తీసుకున్నవి. శిఖం ఎన్ని ఎకరాలో, పట్టా ఎవరిదో వీటిలో ఉంటుంది. నీరు ఎంతదాకా వచ్చేదో ఉండదు. శిఖం సర్వే నంబరు దాటి పట్టా భూమిలోకి నీరు పరుచుకున్న చెరువులు ఎన్నో ఉన్నాయి. వివాదాలన్నీ ఆ ముంపు భూమి దగ్గరే. అక్కడ టోపోషీట్ ఆనవాలు, కరోనా చిత్రం, అలుగు ఎత్తు, టిప్పన్ కొలత నాలుగూ కలిపి చదివినప్పుడే ఏదైనా తేలుతుంది.

తేలినదాన్ని రాసేటప్పుడు పొరపాటు ఎంతో కూడా రాయాలి. రెండు కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న చెరువు గుండ్రంగా ఉంటే దాదాపు 80 ఎకరాలు. పాత పటంలో గీసిన అంచు అంతటా 20 మీటర్లు బయటికో లోపలికో ఉండవచ్చనుకుంటే ఆ ఒక్కదానివల్లే సుమారు పదెకరాల తేడా వస్తుంది. కాబట్టి 80 ఎకరాలు అని ఒక్క అంకె రాయకూడదు. 70 నుంచి 90 మధ్య అని రాసి, ఏ ఏడాది ఏ కాలంలో చేసిన సర్వే, ఏ స్కేలు, ఎన్ని జత బిందువులు, వాటి సగటు పొరపాటు ఎంత అన్నది పక్కనే ఇవ్వాలి. అప్పుడు చదివేవారికి సరిచూసుకునే అవకాశం ఉంటుంది, ఎదుటి పక్షానికి తిరిగి లెక్క వేసే అవకాశం ఉంటుంది.

ఇదంతా జరగాలంటే ఆర్కైవ్స్, సర్వే శాఖలు, గ్రంథాలయాలు ఒక పని చేయాలి. పటాలను స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించకూడదు. సర్వే సంవత్సరం, స్కేలు, గుర్తుల పట్టిక, సర్వే చేసినవారి పేర్లు ఉన్న ఆ అంచును అందం కోసమో, ఫైలు చిన్నది చేయడం కోసమో తీసేసిన స్కాన్లు ఇప్పటికే ఎన్నో తిరుగుతున్నాయి. గ్రామ నక్షలైతే ఏ సంవత్సరానివో కూడా తెలియని ఫొటోలుగా వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయి. షీటు పూర్తిగా, వెనుక వైపున్న ముద్రలు, చేతిరాత సవరణలతో సహా, తేదీతో పెడితే ఒక్కో గ్రామం చెరువు మీద ఆ ఊరివారే పరిశోధన చేసుకోగలరు.